మా నాన్న చివరి పంటను ఇల్లు చేర్చిన అందరికీ

నాన్న కన్నుమూసే నాటికి జహీరాబాద్ దగ్గరి మా రెండెకరాల ఆలుగడ్డ చేను తవ్వకానికి వచ్చి ఉంది. నీరు కట్టడం మానేసి వారమైంది. మొక్కలు కోసేసి, గడ్డ తోలు గట్టిపడాలని ఆయన ఆగారు. ఎండ ముదిరితే గడ్డ మట్టిలోనే కుళ్లిపోతుంది. పెద్దకర్మ అయ్యేదాకా మేం చేను వైపు వెళ్లలేము. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు, అనే స్థితిలో కూడా లేము. నాలుగో రోజు తెల్లవారకముందే ట్రాక్టరు చప్పుడు వినబడింది. అమ్మ గుమ్మంలోకి వెళ్లి చూస్తే ఊళ్లో సగం మంది మా చేనులో ఉన్నారు.

ట్రాక్టరు తెచ్చిన అన్న డీజిలు డబ్బులు కూడా ముట్టలేదు. తండా నుంచి వచ్చిన అక్కలు కూలి వద్దన్నారు. అమ్మ ఏడ్చి బతిమాలితే కొంగులో నాలుగేసి గడ్డలు కట్టుకుని వెళ్లారు. తమ్ముడి స్నేహితులు లారీతో బోయిన్‌పల్లి మార్కెట్ దాకా వెళ్లి, అమ్మకం లెక్క రాసిన తక్‌పట్టీతో సహా పైసలన్నీ అమ్మ చేతిలో పెట్టారు.

నా మనసులో అన్నిటికంటే లోతుగా నిలిచింది ఆ సోమవారం. నాన్న సోమవారాలు ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి పేర ఉపవాసం ఉండేవారు, ఆ రోజు నేలకు ఇనుము తగలనిచ్చేవారు కాదు. ఆదివారం సాయంత్రానికి తవ్వకం సగమే అయింది, మబ్బు పట్టి ఉంది. అయినా మరునాడు మీరెవరూ చేనులో అడుగుపెట్టలేదు. “అన్న లేకున్నా అన్న నియమం ఉంది కదా” అని పక్కచేను బాబాయి అన్నారట.

శివపూజకు మొగలిపువ్వు పనికిరాదంటారు. ఝరాసంగంలో మాత్రం స్వామిని దానితోనే అర్చిస్తారు. “అందరూ వద్దన్నదాన్ని కూడా ఆయన దగ్గరికి తీసుకున్నాడు” అని నాన్న ప్రతిసారీ చెప్పేవారు, ప్రతిసారీ గొంతు పూడుకుపోయేది. ఏటా తొలి బుట్ట గడ్డలు అక్కడి అన్నదానానికి ఇచ్చాకే ఆయన ఇంట్లో ఆలుగడ్డ కూర వండనిచ్చేవారు. ఏడాది దాకా మేం గుడికి వెళ్లకూడదు. శివరాత్రికి ఆ బుట్టను మీరు నెత్తిన పెట్టుకుని తీసుకువెళ్లారు. మేం అడగలేదు. మీరు విభూతి తెచ్చి ఇచ్చాక, ఆ రాత్రి అమ్మ ఆలుగడ్డ కూర వండింది.

ఇంకొకరికి పేరు తెలియకుండానే దండం పెడుతున్నాను. గోలీలంత చిన్న గడ్డలను నాన్న మనవళ్ల కోసం వేరుగా ఉంచి, బూడిదలో కాల్చి, ఊది ఊది తినిపించేవారు. ఎవరో అవన్నీ ఏరి, సంచిలో పోసి మా గడప పక్కన పెట్టి వెళ్లారు. పిల్లలు ఆ సంచి చూడగానే తాత వచ్చాడా అని అడిగారు.

అక్టోబరులో ఆగ్రా నుంచి విత్తనపు ఆలుగడ్డ దిగుతుంది. ప్రతి ముక్కకూ మొలకెత్తే కళ్లు రెండు ఉండేలా చూసుకుంటూ, ఇంటిల్లిపాదీ బల్బు కింద కూర్చుని కోసే రాత్రి అది. నాన్న మా వేళ్ల వైపే చూస్తూ, ఎక్కడ తెగుతాయోనని కంగారు పడేవారు. ఈసారి మీరంతా రావాలి. ఆయన కత్తి తమ్ముడి దగ్గర ఉంది, మిగతావి మీరు తెచ్చుకోండి. అన్నం మా ఇంట్లోనే.