చెరువు వాలుగ ఇక తేవడం లేదు

మారతహళ్లి కస్టమర్లకు నమస్కారం. ఈ నెల నుంచి మన షాపులో చెరువు వాలుగ ఉండదు. కొరమీను కూడా కిలో లోపువే తెస్తాను. చెరువు చేపల్లో పాదరసం ఉంటుందన్న మెసేజ్ వాట్సాప్‌లో తిరుగుతోంది కదా, అది చూపించి చాలామంది అడిగారు. అందరిదీ ఒకటే మాట: "బాగా కడిగిస్తే పోతుందిగా అన్నా?"

పోదు. కొరమీనుని బూడిద వేసి బండ మీద ఎంత రుద్దినా, ఉప్పూ పసుపూ నిమ్మరసం ఎంత పట్టించినా పోయేవి జిగురు, నీచువాసనే. పాదరసం ఉండేది కండలో, ప్రోటీన్‌ని పట్టుకుని. పులుసు పెట్టినా, వేపుడు చేసినా అక్కడే ఉంటుంది.

బొగ్గు కాల్చిన పొగ, పగిలిన థర్మామీటర్లు, ట్యూబ్‌లైట్ల చెత్త, వీటిలోంచి అది చెరువులో పడుతుంది. గాలాడని అడుగు బురదలో బ్యాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా, అంటే ఒంట్లో పేరుకుపోయే రకం పాదరసంగా మారుస్తుంది. అక్కణ్ణుంచి నాచుకి, నాచు తిన్న పురుగుకి, పురుగుని తిన్న చేపకి పోగుపడుతూ వస్తుంది. వాలుగ, కొరమీను తోటి చేపల్ని మింగి బతికేవి. ముదిరినకొద్దీ వాటిలో ఎక్కువ. శీలావతి, బొచ్చెలకు ఆ వేట లేదు. చెరువుల్లో తవుడూ చెక్కా వేసి పెంచి, ముదరకముందే పట్టేస్తారు. అందుకే భీమవరం, కైకలూరు లోడు ఎప్పటిలాగే వస్తుంది.

కొడైకెనాల్‌లో థర్మామీటర్ ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. ఆ తర్వాత అక్కడి సరస్సు చేపల్లో పాదరసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అంతమాత్రాన బెంగళూరు చెరువులన్నీ అంతేనని నేననను. పరీక్ష చేయించకుండా ఏ చెరువు పేరూ చెడగొట్టను.

"మెర్క్యురీ ఫ్రీ" అని బోర్డు పెడదామని మా తమ్ముడి గోల. పెట్టేది లేదు. మన దేశంలో పెట్టిన పరిమితే మామూలు చేపలకు కిలోకు 0.5 మిల్లీగ్రాములు, వేటాడే చేపలకు 1. సున్నా అని గవర్నమెంటే అనలేదు, నేనెవర్ని? ప్రతి చేపనూ ల్యాబుకి పంపే స్తోమత నాకు లేదు. నా చేతిలో ఉన్నది జాతి చూసి, సైజు చూసి కొనడం.

ఇంట్లో గర్భిణులున్నా, చంటిపిల్లలున్నా తూకం దగ్గర ఒక్కమాట చెప్పండి. కడుపులో బిడ్డ మెదడుకే దీనితో ఎక్కువ ముప్పు. అలాగని చేపలు మానెయ్యకండి, ఆ బిడ్డకు చేప కొవ్వూ కావాలి. అత్తగార్లు కోప్పడతారని తెలుసు గానీ, బాలింతకని పాల సొర అడిగితే శీలావతో చిన్న పరిగెలో తీసుకోమంటాను. సొర కూడా సముద్రంలో వేటాడే జాతే.

వాలుగకి అడ్వాన్సు ఇచ్చినవాళ్లు ఆదివారం వచ్చి డబ్బు తీసుకోండి. లేదంటే అదే డబ్బుకి బొచ్చె, తలకాయతో సహా కొట్టించి ఇస్తాను.