తడి చేత్తో నా చెయ్యి పట్టుకుని ఆపిన చెల్లికి

అందరికీ వందనాలు. నాలుగు రోజుల నుంచి ఫోన్ సరిగ్గా చూడలేదు, మెసేజ్‌లు కుప్పలుగా ఉన్నాయి, ఒక్కొక్కరికీ జవాబు రాసే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా. మా వారు బాగున్నారు. ఈ పొద్దున షుగర్ 142. ఇప్పుడే పడుకున్నారు. నేనూ పడుకోవాలి గానీ ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

కొత్తవాళ్ళ కోసం కొంచెం చెప్తా. మేం దేవుని పరిచర్య కోసం ఈ దేశం వచ్చి ఐదు నెలలైంది. ఆయనకి 68, నాకు 64. ఈ వయసులో పరాయి దేశంలో పరిచర్య ఏంటండీ అని అడిగిన వాళ్ళందరికీ ఆయన ఒకటే చెప్పేవారు, హారాను విడిచి బయల్దేరేటప్పటికి అబ్రాహాముకి 75 ఏళ్ళని. ఆ మాట మీదే నేనూ సూట్‌కేసులు సర్దా. కానీ సర్దుతున్నంతసేపూ నా ప్రాణమంతా ఇన్సులిన్ పెట్టిన చల్లటి సంచీ మీదే ఉంది. ఆయనకి 22 ఏళ్ళుగా షుగర్, తొమ్మిదేళ్ళుగా ఇన్సులిన్. ఆరు నెలలకి సరిపడా వయల్స్, అంటే ఇన్సులిన్ సీసాలు, వాటితోపాటు సిరంజీలు తెచ్చుకున్నాం.

పోయిన వారం ఆ వయల్సే పోయాయి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలని నాకు తెలుసు, కానీ గదిలో ఉన్న చిన్న ఫ్రిజ్‌ని ఎవరు ఎప్పుడు తిప్పారో, నేనే తుడుస్తూ తిప్పానో, వెనక గోడకి ఆనుకున్నవన్నీ గడ్డకట్టాయి. ఒకసారి గడ్డకడితే కరిగాక కూడా వాడకూడదు. బయట ఉంచి వాడుతున్న వయల్ ఆదివారం రాత్రి డోసుతో అయిపోయింది.

సోమవారం ఎనిమిదింటికే క్లినిక్‌కి వెళ్ళాం. డాక్టర్ని చూడాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి, దానికి రెసిడెంట్ కార్డు కావాలి, కార్డుకి అడ్రస్ ప్రూఫ్ కావాలి, అడ్రస్ ప్రూఫ్‌కి బ్యాంకు కాగితం కావాలి, బ్యాంకులో ఖాతా తెరవాలంటే మళ్ళీ రెసిడెంట్ కార్డు కావాలి. ఈ చుట్టే ఐదు నెలలుగా తిరుగుతున్నాం. ఆయన పొద్దున్నుంచి ఏమీ తినలేదు, ఇన్సులిన్ లేకుండా తినడానికి భయం. షుగర్ చూసే మిషన్‌లో 340. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఒక డాక్టరు మా ఫైలు చూసి అత్యవసరం కింద రాసిచ్చారు, ఫార్మసీ కిటికీలో వయల్ చేతికొచ్చింది. కిటికీలో అబ్బాయి సిరంజీలున్నాయా అన్నట్టు సైగ చేశాడు. ఉన్నాయని తలూపా. సంచిలో 50 ఉన్నాయి మరి.

కారిడార్‌లో బెంచీ మీద ఆయన్ని కూర్చోబెట్టి, ఎప్పటిలాగే 16 దాకా లాగి, ఆయన చొక్కా ఎత్తా. అప్పుడే నా మణికట్టు మీద ఒక తడి చెయ్యి పడింది.

చూస్తే నేల తుడిచే ఆవిడ. నీలం కోటు, ఒక యాభై ఏళ్ళుంటాయేమో, తుడిచే కర్ర పక్కన పడేసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇక్కడ ఇంజెక్షన్ చేయకూడదని తిడుతోందనుకున్నా. నిజం చెప్తున్నా, నాకు కోపమొచ్చింది. పొద్దున్నుంచి ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు నువ్వొచ్చావా అనిపించింది. వదలమ్మా అని తెలుగులోనే అరిచా. వదల్లేదు. రెండో చేత్తో వయల్ తిప్పి దాని మీదున్న 100 కింద గోరుతో గీసింది. తర్వాత నా చేతిలో సిరంజీ మీదున్న 40 కింద గీసింది. ఎర్ర మూతని చూపించి తల అడ్డంగా ఊపింది. అప్పటికీ నాకు అర్థం కాలేదు. అప్పుడు మా వారి వైపు చూపించి, తన తల భుజం మీద వాల్చి కళ్ళు మూసుకుంది, మూసుకున్న కళ్ళతోనే, ఇంక లేవడు అన్నట్టు తల ఊపింది.

నా చేతులు చల్లబడిపోయాయి.

ఇన్సులిన్‌తో దేశం దాటే వాళ్ళు, వాళ్ళ పిల్లలు ఈ ముక్క మాత్రం దయచేసి పూర్తిగా చదవండి. ఇండియాలో మనం వాడే వయల్స్ ఎక్కువగా ఒక ఎంఎల్‌కి 40 యూనిట్లవి, వాటి సిరంజీకి ఎర్ర మూత ఉంటుంది. చాలా దేశాల్లో ఇచ్చేది ఒక ఎంఎల్‌కి 100 యూనిట్లది, దానికి నారింజ రంగు మూత సిరంజీ. 40 సిరంజీలో 16 గీత దాకా లాగితే అది 0.4 ఎంఎల్. అదే 0.4 ఎంఎల్ 100 వయల్‌లోంచి లాగితే 40 యూనిట్లు. రెండున్నర రెట్లు. ఖాళీ కడుపుతో ఉన్న 68 ఏళ్ళ మనిషికి నేను నా చేత్తో వేయబోయింది అది. మందు పేరు అదే, డోసు అదే, నేను ఏ తప్పూ చేయట్లేదనే అనుకున్నా. వయల్ మీద అంకె, సిరంజీ మీద అంకె రెండూ ఒకటేనా కాదా అని చూసుకోండి, ప్రతిసారీ చూసుకోండి.

ఆవిడ మా ఇద్దర్నీ మళ్ళీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి నారింజ మూత సిరంజీలు అడిగింది. నా కార్డు పనిచేయలేదు, ఓటీపీ వెళ్ళే సిమ్‌కి ఇక్కడ సిగ్నల్ లేదు. నేను ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే ఆవిడ కోటు జేబులోంచి మడతలు పడ్డ నోట్లు తీసి కట్టేసింది. ఇంజెక్షన్ నన్నే లాగనిచ్చింది, లాగాక వెలుగుకి పెట్టి చూసి, పది వేళ్ళు, మళ్ళీ ఆరు వేళ్ళు చూపించి సరే అంది. ఆయన డబ్బా విప్పి తినడం అయ్యేదాకా మా ముందు నేల మీద గొంతుక్కూర్చుంది.

తర్వాత లేచి వెళ్ళింది, ఈలోగా సగం తుడిచిన నేల చారలు చారలుగా ఆరిపోయింది, ఎవరో పైఅధికారి వచ్చి ఆ చారలు చూపించి అందరి ముందూ ఆవిడని కేకలేశాడు. ఆవిడ మా వైపు చూపించలేదు. ఫలానా వాళ్ళకి సాయం చేశానని ఒక్క మాట అనలేదు. కర్ర తీసుకుని మొదట్నుంచి తుడవడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు నాకు అక్కడ వచ్చింది. పైగా ఐదు నెలలుగా సాయంత్రం క్లాసుకెళ్ళి ఈ భాష నేర్చుకుంటున్నా, మొదటి రోజు నేర్పింది థాంక్స్ చెప్పడమే, ఆ ఒక్క మాట నోటికి రాలేదు. చేతులు జోడించా అంతే.

బుధవారం మళ్ళీ వెళ్ళి కలిశా. ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ పెట్టుకుని మాట్లాడుకున్నాం. ఆవిడదీ ఈ దేశం కాదు. వాళ్ళమ్మకి పదకొండేళ్ళు ఆవిడే ఇన్సులిన్ వేసిందట, అమ్మ పోయినప్పుడు మాత్రం తను ఇక్కడ పనిలో ఉందట. ఆవిడది మా విశ్వాసం కాదు, మెళ్ళో ఉన్నది చూస్తే తెలిసింది. డబ్బు ఇస్తే తీసుకోలేదు. మా దగ్గర మిగిలిన ఎర్ర మూత సిరంజీలన్నీ అడిగి తీసుకుని, సూదులు పారేసే డబ్బాలో తనే వేయించింది, మళ్ళీ పొరపాటున నా చేతికి రాకూడదని. పేరు రాయొద్దంది కాబట్టి రాయట్లేదు. చెల్లీ, నువ్విది చదవలేవు, అయినా రాస్తున్నా, నా ఇల్లు నిలబెట్టావు.

ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నా. మమ్మల్ని పరిచర్యకి పంపినవాళ్ళు ఆరోగ్యం గురించి ఎన్నో పేజీల ఫారాలు నింపించుకున్నారు, ఆయనకి ఇన్సులిన్ అని ప్రతి పేజీలో రాశాం, అక్కడ ఈ మందు ఎంత బలంలో దొరుకుతుంది, అయిపోతే ఎవరి దగ్గరికెళ్ళాలి అని ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు. ఇన్సూరెన్స్ చూస్తే ముందునుంచీ ఉన్న జబ్బుకి వర్తించదట. మరి ఈ వయసులో ముందునుంచీ జబ్బు లేని వాళ్ళెంతమంది? పెద్దవాళ్ళు వెళ్ళాలి, అనుభవం కావాలి అని వేదికల మీద పిలుస్తారు కదా, ఆ పెద్దవాళ్ళ బీపీ మాత్రల గురించి కూడా ఆలోచించండి. కోపంతో కాదు, బాధతో రాస్తున్నా, రేపు మా వెనక వచ్చే వాళ్ళ కోసం రాస్తున్నా.

మా అబ్బాయి, కోడలు, అమ్మాయి రాత్రంతా వీడియో కాల్‌లోనే ఉన్నారు, వాళ్ళ సంగతి ప్రత్యేకంగా రాయక్కర్లేదు. మా తమ్ముడు డబ్బు పంపాడు. ప్రార్థన చేసిన సంఘాలన్నిటికీ వందనాలు.

అయ్యో, రాసిచ్చిన డాక్టరు గారికి చెప్పలేదు, మీకు చాలా రుణపడి ఉంటాం. రాత్రి మా కోసం స్టాపు దాటాక కూడా బస్సు ఆపిన డ్రైవరుకి, ఆయన్ని మూడో అంతస్తు దాకా పట్టుకుని ఎక్కించిన కింది ఇంటి కుర్రాడికి, వరుసలో తన కుర్చీ ఇచ్చిన గర్భిణీ అమ్మాయికి. ఫ్రిజ్ సరిచేసి లోపల థర్మామీటర్ పెట్టిన ఇంటి ఓనరు గారికి. ఆ ఒక్క మాట ఎలా పలకాలో ఫోన్‌లో పదిసార్లు పలికించిన మా భాష టీచరు గారికి, బుధవారం ఆవిడతో సరిగ్గానే అన్నానండీ.

ఇంకొకళ్ళు గుర్తొచ్చారు, ఫార్మసీ కిటికీలో ఆ అబ్బాయి. ఇవాళ వెళ్తే కిటికీ అద్దానికి ఒక కాగితం అంటించి ఉంది, చేత్తో గీసిన నారింజ మూత సిరంజీ బొమ్మ, పక్కన ఎర్ర మూత సిరంజీ బొమ్మ, దాని మీద అడ్డంగా పెద్ద గీత. బాబూ, నీకు కూడా.