కామెడీ సినిమాకు ఇలాగేనా సమీక్ష రాసేది?

సంపాదకుడు గారికి,

పోయిన శనివారం మీ పేపర్లో ఆ కామెడీ సినిమా సమీక్ష చదివి, మర్నాడు పిల్లల్ని తీసుకుని వెళ్లాం. చూసొచ్చిన దగ్గర్నుంచి రాద్దామనుకుంటూ ఇవాళ్టికి కూర్చున్నాను. ‘లాజిక్ వెతక్కపోతే టైంపాస్, మిగతావారు తమ పరిధి మేరకు నటించారు’ అని రెండున్నర స్టార్లు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. సమీక్ష అంటే అంతేనా?

మోటు హాస్యమంటే నాకు చిన్నచూపు లేదు. 1987లో వచ్చిన జంధ్యాల ‘అహ నా పెళ్లంట’లో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటారు. కాగితం మీద అది చాలా చవకబారు జోకు. కానీ ఆ పిసినారి నిజంగానే కోడికూర తింటున్నంత శ్రద్ధగా తింటాడు, మనల్ని నవ్వించాలని చూడడు. అందుకే ఇప్పటికీ నవ్వొస్తుంది. మేం చూసొచ్చిన సినిమాలో హీరో ప్రతి డైలాగూ అరిచి చెప్పి, నవ్వామా లేదా అన్నట్టు ఆగుతాడు. ఆ ఖాళీలో ‘టొంయ్’ అని ఒక మోత. రెండు గంటలూ ఇదే వరస.

ఈ కొత్త సినిమాలోనే ఒక పెళ్లిచూపుల సీన్ ఉంది. అందరూ కట్నం దగ్గర గొంతులు చించుకుంటుంటే, మేనత్త వేషం వేసినావిడ పళ్లెంలో జాంగ్రీలు లెక్కపెట్టి, ఒకటి కొంగులో దాచి, మళ్లీ లెక్కపెట్టి, ఒకటి తగ్గిందని తనే ఉలిక్కిపడుతుంది. ఒక్క మాట కూడా లేదు. హాలంతా పగలబడి నవ్వింది అక్కడే. ఆవిడ పేరు మీ సమీక్షలో లేదు. తెర మీద చూద్దామంటే, పేర్లు మొదలవగానే లైట్లు వేసి తలుపులు తీసేశారు. ఒకప్పుడు హాస్యనటుడికీ, హాస్యనటికీ వేర్వేరుగా నంది అవార్డు ఇచ్చేవారు. 2014, 15, 16 సంవత్సరాల అవార్డులు 2017లో ఒకేసారి ప్రకటించి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ ఊసే ఎత్తలేదు. ఇలాంటివాళ్ల పనిని ఇక ఎవరు గుర్తిస్తారు?

నత్తి ఉన్న కుర్రాడి పాత్ర గురించి కూడా మీరు ఒక్క ముక్క రాయలేదు. నోరు తెరిస్తే చెంపదెబ్బ, అదే కామెడీ! వైకల్యం ఉన్నవాళ్ల జీవితాన్ని అర్థం చేసుకునే హాస్యం వేరు, వాళ్లను కించపరిచే హాస్యం వేరని సుప్రీంకోర్టు 2024 జులైలోనే స్పష్టంగా చెప్పింది. సెన్సార్ బోర్డు వాళ్లకు ఆ తీర్పు గుర్తు లేదా? మా పక్క వరసలో ఓ పిల్లాడు ఇంటర్వెల్‌లోనే ఆ నత్తిని అనుకరించడం మొదలుపెట్టాడు.

సర్టిఫికెట్ సంగతి మరీ ఘోరం. పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడాల్సిన సినిమాలకిచ్చే యూఏ సర్టిఫికెట్‌ను 2024 నిబంధనలతో వయసును బట్టి 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని విడగొట్టారు. పిల్లలకు చూపించాలా వద్దా అని తల్లిదండ్రులు నిర్ణయించుకోవడానికే అది. ఇది 16 ప్లస్ అని మాకు తెలిసింది సీట్లో కూర్చున్నాక. పోస్టర్ మీద ఆ అక్షరాలకు భూతద్దం కావాలి. టికెట్ రేట్లు పెంచే జీవోలు రాత్రికి రాత్రి వస్తాయి గానీ, హాలు బయట ఆ ఒక్క ముక్క పెద్దక్షరాల్లో రాయించే నాథుడు లేడు.

అధికారులు ఎలాగూ పట్టించుకోరు. కనీసం మీరు వచ్చే వారం నుంచి సమీక్షలో స్టార్ల పక్కనే సర్టిఫికెట్ ఏదో వేయండి. నవ్వించినవాళ్ల పేర్లు కనుక్కుని రాయండి. పిల్లలతో వెళ్లదగ్గ సినిమానో కాదో మొదటి పేరాలోనే చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఏలూరు