తుపాను పోయాక బదిలీలెందుకు?

సంపాదకులకు,

తుపాను తీరం దాటిన వారం రోజులు అధికారులకు నిద్ర ఉండదు. కాదనలేం. కానీ కరెంటు వచ్చి, రోడ్ల మీద చెట్లు తీసేశాక అసలు పని మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే బదిలీ ఉత్తర్వులు దిగుతాయి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా జిల్లా పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. వరి పోతే మళ్లీ ఏడాదికి నాటుకోవచ్చు. కొబ్బరి మొక్క కాపుకొచ్చేసరికి అయిదారేళ్లు. నష్టం రాయడంలోనూ చిక్కులే. కూలిన చెట్లు లెక్కపెట్టి ఫొటో తీయడం ఆలస్యమైతే, రైతు దుంగలు కోసి దారి చేసుకుంటాడు, సాక్ష్యం పోతుంది. పాసుపుస్తకం భూస్వామి పేరిట ఉంటుంది కాబట్టి కౌలుదారు పేరు చాలాసార్లు జాబితాకే ఎక్కదు. ఎక్కినా, ఆధార్ అనుసంధానం లేక డబ్బు వెనక్కి పోతుంది. ఏ ఊళ్లో ఎవరి పేరు ఎందుకు ఆగిందో పాత అధికారికి తెలుసు. కొత్తగా వచ్చినాయన ఫైలు మొదటి పేజీ నుంచి తిప్పాలి.

2001 జనవరి 26 భూకంపం తర్వాత గుజరాత్ రెండు వారాల్లోనే విపత్తు నిర్వహణ సంస్థ పెట్టింది. దాని సీఈఓగా ఐఏఎస్ అధికారి పి.కె.మిశ్రా 2004 దాకా కదలకుండా ఉన్నారు. ఇంటి సాయం యజమాని ఖాతాలోకే, విడతలవారీగా వెళ్లింది. కట్టిన పనిని ఇంజినీరు చూసి ధ్రువీకరించాకే తర్వాతి విడత. 2003లో రాష్ట్ర విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది కూడా ఆయన ఉండగానే. 2019లో విపత్తు ముప్పు తగ్గించే కృషికి ఐక్యరాజ్య సమితి ఇచ్చే ససకావా పురస్కారం ఆయనకు ఊరికే రాలేదు.

డబ్బుకైతే పద్దు ఉంది. 2021-26కు 15వ ఆర్థిక సంఘం రాష్ట్ర విపత్తు నిధుల్లో 30 శాతాన్ని పునరుద్ధరణకు, పునర్నిర్మాణానికే విడదీసింది. ఐఏఎస్‌లకు ఒక పోస్టులో కనీసం రెండేళ్లన్న నిబంధనా 2014 నుంచి ఉంది. కారణం రాసి ముందే కదిపే వెసులుబాటూ అందులోనే ఉంది మరి.

కాబట్టి విపత్తు ప్రకటించిన జిల్లాల్లో పునర్నిర్మాణం చూసే అధికారిని మూడేళ్లు కదపకూడదని ప్రభుత్వం జీఓ ఇవ్వాలి. తప్పనిసరై బదిలీ చేస్తే, ఊరివారీగా ఆగిన పేర్లు, ఆగిన కారణం, వెనక్కొచ్చిన చెల్లింపులు రాసిన రిజిస్టరు మీద వెళ్లేవారు, వచ్చేవారు ఇద్దరూ సంతకం పెట్టాలి. దాని నకలు గ్రామ సచివాలయం గోడకు అంటించాలి.

— ఒక పాఠకుడు, శ్రీకాకుళం