తిరుపతి జిల్లా పశుసంవర్ధక అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మా పెరట్లో వరికంకుల కుచ్చు వేలాడదీసి, మట్టి మూకుడులో నీళ్లు పెడతాం. ఈ వారం అక్కడే నాలుగు పిచ్చుకలు, ఒక గోరింక చచ్చిపడ్డాయి. ఒంటిమీద గాయం లేదు. చివరి పిచ్చుక ఈకలు ఉబ్బించుకుని గోడవార కూర్చుంది, దగ్గరికెళ్లినా ఎగరలేదు. మా అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఒకచోటికి ఫోన్ చేస్తే ‘పూడ్చేయండి’ అన్నారు, అంతే.

మురికి గిన్నెల నుంచి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకొచ్చు, పురుగుమందు గింజలూ కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లలో బర్డ్ ఫ్లూ బయటపడింది కాబట్టి టెన్షన్‌గా ఉంది. పైగా వలస పక్షులు వచ్చే నేలపట్టు పక్షుల అభయారణ్యం మన జిల్లాలోదే. దయచేసి మనిషిని పంపి నమూనాలు తీయించండి, అవసరమైతే బర్డ్ ఫ్లూ నిర్ధారించే భోపాల్ ల్యాబ్‌కు పంపండి. మన ఊళ్లోనే వెటర్నరీ యూనివర్సిటీ ఉంది కదా!

కంకులు తీసేశాం, మూకుడు కడిగి బోర్లించాం. పిచ్చుకలు పొద్దున్నే ఇంకా ఆ కొక్కెం దగ్గరికే వస్తున్నాయి.

– బైరాగిపట్టెడ వాసి