ఆ ఫారం మీద నా సంతకం

తెనాలి,
అక్టోబరు 2025

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. "ఎర్లీ డెసిషన్ ఫారం నీ మెయిల్‌కి వచ్చింది, సంతకం పెట్టెయ్యమ్మా, నవంబరు 1 దగ్గరపడుతోంది" అని రాశావు. ఫోన్లో మాట్లాడదామంటే నీకు క్లాసో, నాకు అమ్మమ్మ కంట్లో చుక్కలు వెయ్యాల్సిన వేళో అడ్డొస్తోంది. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఎర్లీ డెసిషన్ అంటే అమెరికాలో ఒక్క కాలేజీకి మిగతావాటికన్నా ముందే అప్లికేషన్ వేసే పద్ధతి కదా, ఆ ఫారం మొత్తం చదివాను. దాని మీద ముగ్గురు సంతకం చెయ్యాలి: నువ్వు, అమ్మానాన్నల్లో ఒకరు, మీ స్కూలు కౌన్సెలర్. సీటొస్తే అక్కడే చేరతాననీ, మిగతా అన్నిచోట్లా వేసిన అప్లికేషన్లు వెనక్కి తీసుకుంటాననీ నువ్వు ఒప్పుకుంటున్నావు. ఆ సంగతి తెలిసే నిన్ను వెయ్యనిస్తున్నామని మేమిద్దరం ఒప్పుకుంటున్నాం. చేరకపోతే ఎవరూ నిన్ను కోర్టుకీడ్చరు, నిజమే. కానీ అది మాటివ్వడం. ఆ మాటలో నా పేరూ ఉంది, కాబట్టి నేను అడగాల్సినవి అడిగాకే సంతకం పెడతాను.

దసరాకి మనింటికొచ్చిన అంకుల్ ఏమన్నారో నీకూ గుర్తుండే ఉంటుంది. "ఉత్త సంతకమే కదా, పెట్టెయ్యండి. తర్వాత ఇంకా మంచి కాలేజీ వస్తే కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం, అదే ఎయిడ్, చాల్లేదని చెప్పి బయటపడొచ్చు" అన్నారు. ఆయన మన మంచి కోరే చెప్పారు, కాదనను. కానీ మనం ఆ పని చెయ్యం. ఎయిడ్ చాలకపోతే విడిపించుకోవచ్చన్న వెసులుబాటు నిజంగా కట్టుకోలేని కుటుంబాల కోసం పెట్టింది. కట్టగలిగినవాళ్లు దాన్ని దొంగదారిగా వాడితే, రేపు నిజంగా ఇబ్బందిలో ఉన్న పిల్ల అడిగినప్పుడు కాలేజీవాళ్లు అనుమానంగా చూస్తారు. పైగా డిసెంబరు మధ్యలో సీటొచ్చిందంటే మిగతావన్నీ వెంటనే మానుకోవాలి. ఇక మార్చిలో "ఇంకా మంచి కాలేజీ" రావడమేమిటి? వచ్చిందంటే అప్లికేషన్ వెనక్కి తీసుకోకుండా దాచిపెట్టామనే కదా అర్థం. మీ కౌన్సెలర్ సంతకం కూడా దాని మీద ఉంటుంది. వచ్చే ఏడు మీ జూనియర్ల కోసం ఆవిడే ఆ కాలేజీకి రాయాలి. ఆవిడ మాటకి విలువ పోగొట్టే పని నీ చేత చేయించను.

మిగతా దారులు నీకు తెలిసినవే, అయినా ఒకసారి చెప్తాను. ఎర్లీ యాక్షన్‌లో ఏ కట్టుబాటూ లేదు. ముందే వేస్తావు, ముందే జవాబొస్తుంది, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. న్యూజెర్సీ ప్రభుత్వ యూనివర్సిటీ రట్గర్స్‌కి అలాగే వెయ్యి, అది ఎర్లీ డెసిషన్‌కి అడ్డురాదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లది ఇంకో పద్ధతి: చేరి తీరాలని లేదు గానీ, ఇంకే ప్రైవేటు కాలేజీకీ ఎర్లీలో వెయ్యకూడదు, ప్రభుత్వ యూనివర్సిటీలకైతే కట్టుబాటు లేని ఎర్లీలో వేసుకోవచ్చు. మిషిగన్ యూనివర్సిటీ ఈ ఏడే కొత్తగా ఎర్లీ డెసిషన్ పెట్టింది. ఒక్కో కాలేజీ షరతులు ఒక్కోలా ఉంటాయి, పక్కింటి పిల్ల చెప్పింది కాకుండా ఆ కాలేజీ సైట్లో ఉన్నదే చదువు. ఇంకొకటి, డిసెంబరులో డిఫర్ చేశారంటే, అంటే ఇప్పుడే తేల్చకుండా తర్వాత మిగతావాళ్లతో కలిపి చూస్తామన్నారంటే, నీ మాట అక్కడితో తీరిపోయినట్టే, నీకు స్వేచ్ఛ ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. "అందరికీ ఒకటే రూల్ కదమ్మా, ఇందులో అన్యాయమేముంది?" అని పోయిన నెల నువ్వడిగావు. అప్పట్నుంచీ ఆ ప్రశ్న నాలో తిరుగుతూనే ఉంది.

నేను ఎంసెట్ రాసిన రోజుల్లో ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫ్రీ సీటు, పేమెంటు సీటు అని రెండుండేవి. ర్యాంకు ప్రకారం పిలిచేవాళ్లు. ఎవరి ముందు ఎవరున్నారో అందరికీ తెలుసు, ఏ సీటుకి ఫీజెంతో కూడా ముందే తెలుసు. తాతయ్య నా పక్కన కూర్చుని, చీటీ మీద లెక్క వేసుకుని, ఏది ఎంచుకోవాలో చెప్పారు. ఆ పద్ధతిలోనూ లోపాలుండేవి. కోచింగ్‌కి డబ్బుల్లేని పిల్లలు ర్యాంకు దగ్గరే ఆగిపోయేవాళ్లు. కానీ ఎంత కట్టాలో తెలియకుండా "చేరతాను" అని సంతకం పెట్టమని మమ్మల్నెవరూ అడగలేదు.

ఎర్లీ డెసిషన్ అడిగేది సరిగ్గా అదే. డబ్బుకి వెతుక్కోనక్కర్లేని ఇంట్లో పిల్ల నిశ్చింతగా సంతకం పెడుతుంది. ఇల్లు గడవడం కష్టమైన ఇంట్లో పిల్ల మార్చి దాకా ఆగాలి. నాలుగు కాలేజీల ఎయిడ్ ఉత్తరాలు బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని, ఎవరు గ్రాంటు ఎంతిచ్చారు, ఎవరు అప్పుని కూడా ఎయిడ్ కింద కలిపి చూపించారు అని చూసుకుంటే తప్ప నిర్ణయం తీసుకోలేదు. ఈలోపు కొన్ని కాలేజీల్లో దాదాపు సగం సీట్లు డిసెంబరుకే నిండిపోతాయి. రూలు అందరికీ ఒకటే. వాడుకునే స్తోమతే అందరికీ లేదు.

ఇది కాలేజీలకి తెలియక కాదు. 2006లో హార్వర్డ్, ప్రిన్స్‌టన్, వర్జీనియా యూనివర్సిటీ, ఎర్లీ పద్ధతి డబ్బున్నవాళ్లకే మేలు చేస్తోందని చెప్పి దాన్ని తీసేశాయి. మిగతా కాలేజీలు వాటి వెంట నడవలేదు. కొన్నేళ్లకి మూడూ, కట్టుబాటు లేని రూపంలోనే అయినా, మళ్లీ మొదలుపెట్టాయి. ముందే ఎవరొస్తారో ఖాయమైతే కాలేజీకి హాయి. ఎన్ని సీట్లు నిండాయో, ఎంత ఎయిడ్ ఇవ్వాలో లెక్క తేలిపోతుంది. ఆ హాయి వదులుకోవడం కష్టం. మొన్న ఆగస్టులో 32 కాలేజీల మీద ఈ విషయమై బోస్టన్ ఫెడరల్ కోర్టులో కొందరు విద్యార్థులు దావా వేశారు. కాలేజీల మధ్య పోటీ లేకుండా చేసి ఫీజుల భారం పెంచుతున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. నాకైతే అందులో న్యాయం కనిపిస్తోంది.

మన వీధి చివర ఉండే నీ స్నేహితురాలి సంగతి ఆలోచించు. చిన్నప్పటి నుంచీ నీతో అదే బస్సులో వెళ్లింది. వాళ్ల నాన్న ఇంకా గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నారు, ఆ పిల్ల హెచ్4 మీద, అంటే ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా మీద ఉంది. అమెరికా ప్రభుత్వమిచ్చే ఫెడరల్ ఎయిడ్ తనకి రాదు. చాలా ప్రైవేటు కాలేజీలు ఎయిడ్ విషయంలో తనని విదేశీ విద్యార్థిగానే లెక్కిస్తాయి, ఎయిడ్ అడిగితే సీటుకే ఎసరు రావచ్చు. హార్వర్డ్, ఎంఐటీ లాంటి కొద్ది చోట్ల తప్ప. తను ఎర్లీ వెయ్యనందంటే ధైర్యం లేక కాదు. లంచ్ టేబుల్ దగ్గర ఈ మాటలు వచ్చినప్పుడు అది గుర్తుంచుకో. డిసెంబరులో నీకు సీటొస్తే, తనకి ఏప్రిల్ దాకా ఏదీ తేలకపోతే, ఆ తేడా అంతా మీ ఇద్దరి తెలివిలో ఉందని అనుకోకు.

ఇంత చెప్పి నిన్ను వెయ్యొద్దనను. నువ్వు మానేస్తే ఆ సీటు తనకేం వెళ్లదు. నేనడిగేవి రెండే.

మొదటిది డబ్బు. ఆ కాలేజీ సైట్లో, ఎయిడ్ పోగా మనం కట్టాల్సింది సుమారుగా ఎంతో చెప్పే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది, 2011 నుంచీ చట్టం ప్రకారం ఉండి తీరాలి. నాన్నతో కూర్చుని 2024 ట్యాక్స్ కాగితాలు ముందు పెట్టుకుని నింపు, నీలం ఫైల్లో ఉన్నాయి. ఉజ్జాయింపుగా వెయ్యకండి. ఇలాంటి ప్రైవేటు కాలేజీల్లో చాలాచోట్ల ఏడాది ఖర్చు 90 వేల డాలర్లు దాటింది. అప్పు చెయ్యకుండా మేం పెట్టగలిగింది ఏటా 45 వేలు. తమ్ముడు కూడా నాలుగేళ్లలో కాలేజీకొస్తాడు. ఆ అంకె 50 లోపు వస్తే నేను సర్దుతాను. 70 వస్తే సంతకం పెట్టను, మామూలు గడువులో, అంటే రెగ్యులర్‌లో వేద్దువుగాని. ఇందులో బతిమాలుకోవడాలు వద్దు.

రెండోది నీ మనసు. ఎర్లీలో ఎక్కువ శాతం మందికి సీట్లిస్తారు కాబట్టి వేస్తున్నానంటే నాకు నచ్చదు. ఆ శాతంలో కోచ్‌లు ముందే ఎంచుకున్న ఆటగాళ్లు కూడా ఉంటారు, నీకున్న అవకాశం అంత పెద్దది కాకపోవచ్చు. కాలేజీలు తమ లెక్కలు బయటపెట్టే కామన్ డేటా సెట్‌లో సి21 అనే చోట ఎర్లీ డెసిషన్ కింద ఎంతమంది వేశారో, ఎంతమందికిచ్చారో ఉంటుంది, చూడు. చూశాక, ఎర్లీకీ రెగ్యులర్‌కీ అవకాశం సమానమే అయినా ఇక్కడికే వెళ్తానంటావా? ఆ లైబ్రరీ, ఆ ల్యాబు, చలికాలంలో ఆ ఊరు, అన్నీ ఊహించుకుని చెప్పు.

గురువారం కౌన్సెలర్‌తో మాట్లాడి, అదే రాత్రి కాలిక్యులేటర్ నింపి, చివరి పేజీ ఫోటో పంపించు. ఇక్కడ శుక్రవారం పొద్దున్నే చూస్తాను. అంకె సరిపోయి, నీ జవాబు అవునైతే ఆ పూటే సంతకం పెట్టి పంపిస్తాను. ఎటైనా సరే రట్గర్స్‌ది మాత్రం ఈ వారంలో పూర్తి చెయ్యి.

అమ్మ