కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే, నేరుగా పనుల్లోకి వస్తాను. ఈ ఏడాది కమిటీ ఎనిమిదిసార్లు కూర్చుంది. కోరం లేక ఇంకో రెండుసార్లు టీ తాగి లేచిపోయింది. అర్జీ మీద అర్జీ పెట్టాక రెండో లైన్లో వీధి దీపాలు వెలిగాయి. పార్కు పక్కన మోరీ మూతల కోసం నాలుగుసార్లు ఆఫీసు మెట్లెక్కాం. వెళ్లినప్పుడల్లా సారు ఫీల్డులో ఉన్నారనే చెప్పారు. మూతలు ఇంకా రాలేదు, పిల్లలు జాగ్రత్త.

గట్టిగా చెప్పుకోవలసిన పని ఆగస్టు 17న జరిగింది. 15న జెండా వందనం బ్రహ్మాండంగా సాగింది, లడ్డూలు చాలక మళ్లీ తెప్పించాం. వాట్సాప్ గ్రూపులో ఎవరి డీపీ చూసినా జెండానే. రెండు రోజులయ్యాక, మన వీధులు ఊడ్చే అమ్మ నన్ను ఆపింది. తోపుడు బండి హ్యాండిల్‌కి ఒక బియ్యం సంచి విడిగా కట్టి ఉంది. విప్పితే అన్నీ జెండాలే. మోరీ జాలీకి చుట్టుకున్నవి, బైకుల మీంచి జారి టైర్ల కింద నలిగినవి. ఒకదానికి టిఫిన్ బండి చట్నీ అంటుకుని ఎండిపోయింది. "జెండా గద సార్, చెత్తల ఎట్ల ఏస్త?" అంది.

ఆ సాయంత్రం పదకొండు మంది మా డాబా మీదికి వచ్చారు. జెండాలు ఉతికి ఆరేశాం. బాగున్నవి ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టాం. చిరిగినవాటిని నలుగురి కంటా పడకుండా, గౌరవంగా, వీలైతే కాల్చి ముగించమని 2002 నాటి జెండా నియమావళి చెబుతుంది. అలాగే చేశాం. ఫొటోలు గ్రూపులో ఎందుకు పెట్టలేదని తర్వాత కొందరు అడిగారు. నలుగురి కంటా పడకుండా అంటే గ్రూపు కూడా లెక్కేనండీ.

ఆ తర్వాతి ఆదివారం మోరీ పూడిక తీద్దామని మెసేజ్ పెడితే అరవై పైన బొటనవేళ్లు లేచాయి. మనుషులు ఏడుగురు వచ్చారు. ఒకాయన చీపురు పట్టుకుని సెల్ఫీ దిగి వెళ్లిపోయారు. చీపురు మా ఇంటిది, పోస్టులో 'దేశ సేవలో' అని ఉంది.

మే 13న పోలింగ్ సంగతీ అంతే. మన హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48 శాతం దాటి ఆగిపోయింది. అదే రోజు ఆంధ్రాలోనూ పోలింగ్ కాబట్టి, అక్కడ ఓటుండి బస్సెక్కినవాళ్లను ఏమీ అనను. సెలవు కలిసొచ్చిందని రిసార్టుకు పోయినవాళ్లూ ఉన్నారు, స్టేటస్‌లో చూశాం.

లెక్కలు ఆడిటర్ చూశారు, కాగితం నోటీసు బోర్డులో ఉంది. 19 ఇళ్ల చందా బకాయి ఉంది. వాటిలో మూడిళ్ల మీద ఆగస్టు నాటి జెండా అంచులు చిరిగి ఇంకా వేలాడుతోంది. చందా సంగతి తర్వాత, ముందు దాన్ని దించండి.

టెంట్ హౌస్ వారికి, మైకు అడగ్గానే ఇచ్చిన గుడి కమిటీకి, లడ్డూల ఖర్చు భరించిన మహిళా విభాగానికి, డాబా మీద నీళ్లు మోసిన తొమ్మిదో తరగతి పిల్లలకు, ఆ సంచి జాగ్రత్త చేసిన అమ్మకు కృతజ్ఞతలు.

ఒక విషయం మిగిలిపోయింది. 2021 డిసెంబరు సవరణతో జెండాకు పాలిస్టర్‌ను అనుమతించారు గానీ ప్లాస్టిక్‌ను కాదు. సంచిలో సగం ప్లాస్టిక్‌వే. కాలిస్తే పొగ, పారేద్దామంటే చెయ్యి రాదు. ఆఫీసు గదిలో కుర్చీల వెనక ఉన్నాయి. సభకు వచ్చేవాళ్లు ఏం చేయాలో చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి